సూర్యచంద్రం తెచ్చుకున్న ఎగిరే ఉడుత

మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మలుపులో సూర్యచంద్రం అనే హోటలాయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే "నాకు తెలుసు" అనేవాడు.

ఆ హోటల్లో పెసరట్టూ బొంగు చికెనూ బాగుంటాయని పేరు. అంతకంటే ఎక్కువ పేరు గల్లాపెట్టె పక్కనున్న పెద్ద పంజరానిది. అందులో రెండు షుగర్ గ్లైడర్లు ఉండేవి. అరచేతిలో ఇమిడిపోయే బూడిదరంగు ప్రాణులు. వీపు మీద నల్లటి చార, ముఖమంతా కళ్ళే. ముందుకాలికీ వెనకకాలికీ మధ్య పలచటి చర్మం ఉంటుంది. దాన్ని గొడుగులా చాచి ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి గాలిలో తేలిపోతాయి. ఆస్ట్రేలియా వైపు అడవుల్లో పుట్టిన జాతి. హైదరాబాదులో ఉండే మేనల్లుడు వేరే ఊరికి ఉద్యోగం మారుతూ వాటిని మామయ్యకి అప్పగించి వెళ్ళాడు. సూర్యచంద్రం వాటికి పటిక, బెల్లం అని పేర్లు పెట్టి మూడేళ్ళుగా ప్రాణంగా సాకుతున్నాడు.

పగలంతా అవి గుడ్డసంచిలో ముడుచుకుని నిద్రపోయేవి. వచ్చినవాళ్ళకి వాటి తోకలు మాత్రమే కనిపించేవి. మిగతాదంతా సూర్యచంద్రం చెప్పేవాడు.

"ఏమండీ, ఇవి ఏం తిం..." అని ఎవరైనా నోరు తెరిస్తే చాలు.

"నాకు తెలుసు, ఏం తింటాయనే కదా! తేనె, అరటిపండు. ఎగిరే జంతువు ఏదైనా సరే, నన్నడగండి" అనేవాడు.

ఆయన భార్య మంగతాయారు అట్లు వేస్తూనే నవ్వేది. "తెలిసింది చెప్పడానికి మీకు ఒక్క నోరు చాలట్లేదు. దేవుడు రెండు చెవులిచ్చాడు, వాటికి పనేం లేదా?" అనేది.

"నాకు తెలుసులే" అనేవాడు సూర్యచంద్రం.

ఒక ఏడాది ఏప్రిల్‌లో సాయంత్రం పూట పెద్ద గాలివాన కొట్టింది. మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ వచ్చింది. ఆమె వాగు అవతలి గూడెంలో ఉండే కొండరెడ్డి తెగ ముసలమ్మ. హోటలుకి విస్తళ్ళ కోసం అడ్డాకులు తెచ్చేది ఆమే. ఆకుల మోపు దించి, "బాబూ, మీ వెనక వాగు గట్టున నల్లమద్ది చెట్టు కూలిపోయింది. తొర్రలోంచి ఎగిరే ఉడుత పిల్ల కింద పడింది. దాని..." అంది.

మిగతా మాట గాలికి పోయింది. సూర్యచంద్రం అప్పటికే చెప్పులేసుకుని పరుగెత్తాడు. బుల్లెమ్మ ఆయాసపడుతూ వెనకే వెళ్ళింది.

విరిగిన మాను పక్కన ఎండుటాకుల మీద కళ్ళు తెరవని పిల్ల ఒకటి పడి ఉంది. సన్నటి నూగు బొచ్చు, పక్కల్లో ముడతలు పడిన చర్మం. సూర్యచంద్రం గుండె ఉప్పొంగింది.

"అచ్చం మా బెల్లం! అంతే ఉంది, అదే చర్మం!" అన్నాడు.

"దాన్ని తీసుకుపోకు బాబూ. దాని తల్లి..."

"నాకు తెలుసు మామ్మా! తల్లి చెట్టు కింద నలిగిపోయి ఉంటుంది. దిక్కులేని పిల్లని వదిలేస్తానా? ఇలాంటివి రెండు పెంచాను నేను!"

ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే ఒకరైనా వినాలి. బుల్లెమ్మ మరి మాట్లాడలేదు. పిల్లని జేబురుమాలులో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

పటికకీ బెల్లానికీ చేసినవన్నీ దీనికీ చేశాడు. గుడ్డసంచిలో పెట్టి మెడలో వేలాడదీసుకున్నాడు. తేనెనీళ్ళు దూదితో పట్టాడు. అరటిపండు మెత్తగా చిదిమి నాలుకకి రాశాడు. పిల్ల మొదట్లో ఆశగా చప్పరించింది. సాయంత్రానికి దాని పొట్ట ఉబ్బింది. రాత్రంతా విరేచనాలు. రెండోరోజు దూది దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. దానికున్న బలమల్లా సన్నగా కీచుమనడానికే సరిపోయింది. ఆ చప్పుడు వింటుంటే మంగతాయారుకి వంట మీద చెయ్యి ఆడలేదు.

"ఒకసారి డాక్టరుగారిని అడుగుదామండీ."

"నాకు తెలుసు తాయారూ. కొత్త చోటు కదా, రేపటికి సర్దుకుంటుంది."

మూడోరోజు పొద్దున పిల్ల కీచుమనడం కూడా మానేసింది. సంచిలో వెచ్చగా ఉండాల్సింది చల్లగా తగిలింది. సూర్యచంద్రం దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. మంగతాయారు మారుమాట లేకుండా రాజమండ్రిలో పశువైద్యురాలు వసుంధరగారికి ఫోన్ చేసి భర్త చేతికిచ్చింది.

"మా ఇంట్లో పటిక, బెల్లం అని రెండు పెద్ద గ్లైడర్లున్నాయి, ఇదీ అలాంటిదే డాక్టరుగారూ, తల్లి లేని పిల్ల" అని మొదలుపెట్టి, సూర్యచంద్రం తాను చేసినవన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"పిల్ల కళ్ళు తె..."

"నాకు తెలుసండీ, కళ్ళకి వెలుతురు..."

"సూర్యచంద్రంగారూ!" డాక్టరమ్మ గొంతు కటువుగా లేదు, కానీ గట్టిగా ఉంది. "నా ప్రశ్న నన్ను పూర్తిచేయనివ్వండి. పిల్ల కళ్ళు తెరిచిందా?"

"లేదండీ."

"ఎంత పెద్దగా ఉంది?"

"మా బెల్లం అంత."

"బెల్లం పూర్తిగా పెరిగిన గ్లైడరు. కళ్ళు కూడా తెరవని పిల్లే అంత ఉంటే, అది గ్లైడరు పిల్ల ఎలా అవుతుంది?"

 మూడేళ్ళలో మొదటిసారి సూర్యచంద్రం ఫోనుని చెవికి ఆనించి వినడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "గ్లైడరు కంగారూల చుట్టం. తల్లి పొట్టకున్న సంచిలో పిల్ల పెరుగుతుంది. చెట్ల జిగురు, పూల తేనె, పురుగులు దాని తిండి. గుంపు లేకపోతే బెంగపడుతుంది. మీ దగ్గరున్నది మన అడవుల్లోని పెద్ద ఎగిరే ఉడుత పిల్ల. పెరిగితే పిల్లి అంత అవుతుంది. దానికి సంచీ లేదు, గుంపూ లేదు. ఆకులూ కాయలూ బెరడూ కొరికి బతికే జాతి. ఈ వయసులో తల్లి పాలు తప్ప ఏదీ అరగదు. గాలిపటమూ గాలిలోనే తేలుతుంది, గద్దా తేలుతుంది. అలాగని గాలిపటం గుడ్లు పెడుతుందా? పైగా అడవి ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. వెంటనే అటవీశాఖ వాళ్ళకి చెప్పండి. ఈలోగా గోరువెచ్చని ఓఆర్ఎస్ నీళ్ళు చుక్క చుక్కగా పట్టండి. తేనె మాత్రం వద్దు."

"బతుకుతుందా డాక్టరుగారూ?"

"తల్లి దొరికితే బతకొచ్చు. అది ఉందో లేదో అక్కడివాళ్ళనెవరినైనా అడిగారా?"

ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. అడగకపోవడమే కాదు, చెప్పబోయిన మనిషి నోరు మూయించాడు.

ఫారెస్టు గార్డు దొరబాబుకి తానే ఫోన్ చేసి, చేసిన తప్పు దాచకుండా చెప్పుకున్నాడు. పిల్లని మంగతాయారు ఒళ్ళో పెట్టి, ఎండలో వాగు దాటి గూడేనికి వెళ్ళాడు. బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని ఆకులు కుడుతోంది. ఆయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"మామ్మా, ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. నేను వినలేదు. ఏమిటది?"

బుల్లెమ్మ ఈనెపుల్ల పక్కన పెట్టింది. ఆయన మళ్ళీ మధ్యలో అందుకుంటాడేమోనని కాసేపు చూసింది. ఆయన అందుకోలేదు.

"దాని తల్లి చావలేదు బాబూ. చెట్టు కూలేటప్పుడు పక్కనున్న ఇప్పచెట్టు మీదికి దూకేసింది. పిల్లని అక్కడే ఉంచితే సందెవేళ వచ్చి నోట కరుచుకుని పోతుంది. అదే చెప్పబోయాను. మొన్న సందెకి వచ్చింది. నిన్న కూడా వచ్చింది. కూలిన మాను చుట్టూ తిరిగి తిరిగి పోయింది."

"ఈ రోజు వస్తుందా?"

"ఏమో బాబూ. నాకు తెలీదు" అంది బుల్లెమ్మ.

అడవిలోనే పుట్టి, అడవిలోనే తల పండిన మనిషి ఆ మాట ఎంత తేలిగ్గా అనగలిగిందో చూసి సూర్యచంద్రం తల దించుకున్నాడు.

పొద్దు వాలేసరికి దొరబాబు వచ్చాడు. చివాట్లు పెట్టాల్సినన్ని పెట్టాడు. తర్వాత అతనూ సూర్యచంద్రమూ బుల్లెమ్మా పిల్లతో వాగు గట్టుకి వెళ్ళి, ఒక వెదురుబుట్టలో ఎండుటాకులూ ఇప్ప బెరడు పీచూ పరిచి, అందులో దాన్ని పడుకోబెట్టి, ఇప్పచెట్టు మానుకి నిలువెత్తున కట్టారు. దూరంగా పొద చాటున కూర్చున్నారు.

వెలుగు పోతోంది. సూర్యచంద్రానికి నోటిదాకా వంద ప్రశ్నలు వచ్చాయి. బుట్ట ఇంకా పైకి కట్టాలేమో, మన వాసన తగులుతుందేమో... బుల్లెమ్మ వైపు తిరిగాడు. ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆయన మింగేశాడు. కదలకుండా, పలక్కుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకి ఆ రోజే తెలిసింది. బుట్టలోంచి ఒక్కసారి, దారమంత సన్నగా, కీచుమని వినిపించింది.

పైన కొమ్మల్లో ఏదో కదిలింది. దుప్పటి విసిరినట్టు ఒక పెద్ద ఆకారం చీకటి ఆకుల్లోంచి తేలి వచ్చి మానుకి అంటుకుంది. జేగురురంగు ఒళ్ళు, మూరెడు తోక. గల్లాపెట్టె పక్కనున్న పంజరంలో దాని తోక కూడా పట్టదు. అది బుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. వాసన చూసి వెనక్కి జరిగింది.  మళ్ళీ వచ్చి తల లోపలికి పెట్టి, పిల్లని నోట కరుచుకుని, చరచరా పైకి పాకిపోయింది.

 సూర్యచంద్రం కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆయన డాక్టరమ్మకి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి పటిక, బెల్లాల గురించి ఏం పెట్టాలో, ఎలా ఉంచాలో మొదటినుంచీ అడిగి, చెప్పిందంతా విని కాగితం మీద రాసుకున్నాడు. ఉత్త తేనె, అరటిపండు మీదే వాటిని నెట్టుకొస్తే ఎముకలు గుల్లబారతాయని అప్పుడు తెలిసి ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు నుంచే తిండి మార్చాడు.

వానలు మొదలయ్యాక ఒక సందెవేళ బుల్లెమ్మ ఆయన్ని పిలుచుకుపోయింది. ఇప్పచెట్టు తొర్రలోంచి పెద్ద తల ఒకటి బయటికి వచ్చింది. దాని పక్కనే కళ్ళు విప్పార్చుకుని చిన్న తల ఒకటి వచ్చింది. పిల్ల కాస్త బక్కగానే ఉంది, కానీ కొమ్మ మీదికొచ్చి చిగురు పట్టుకుని కొరుకుతోంది.

నీతి: రెండింటికీ ఉన్న పోలికలు కంటికి వెంటనే కనిపిస్తాయి, తేడాలు మాత్రం తెలిసినవాళ్ళని అడిగి ఓపిగ్గా వింటేనే తెలుస్తాయి, వినకుండా చేసిన మేలు కీడుతో సమానం.