ఉప్పు ధర, మూసిన పల్లకీ

ఎప్పటి మాటో గాని, సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యంలో గజకేసరి అనే రాజు ఉండేవాడు. తాను చేసిన చట్టాలంటే ఆయనకు మహా మురిపెం.

ఆయన తండ్రి హయాంలో ఉప్పు వర్తకులు ఏడుగురూ పట్టపగలే సత్రంలో చేరి, తాంబూలం నములుతూ ధర కట్టేవారు. గజకేసరి గద్దెనెక్కగానే, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడరాదని చట్టం చేసి, ఒక్కొక్కరి వెనకా ఒక వేగులవాణ్ణి పెట్టాడు.

అయినా ఏడు వీధుల్లోని ఏడు కొట్లలోనూ ధర ఒకటే. పెరిగితే ఒకే పూట పెరిగేది. సరిగ్గా ఆవకాయల రోజుల్లో కుంచం ఉప్పు ఎనిమిది రూకలైంది. మామిడి ముక్కలు కోసుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఉసూరుమన్నారు. వాళ్ళను చూసి ఆస్థానంలో కొలువు చేసే చిట్టెన్న అనేవాడికి కడుపు తరుక్కుపోయింది.

“ప్రభూ, వర్తకులు కూడబలుక్కుంటున్నారు,” అన్నాడు కొలువులో.

“మాట్లాడుకోకుండా కూడబలుక్కోవడమేమిటయ్యా? నా చట్టానికే వంక పెడతావా? మూడు రోజుల్లో రుజువు చెయ్యి. లేదా కొలువు వదిలిపో!”

చిట్టెన్నకు గుబులు పుట్టింది. వాళ్ళు ఎలా కూడబలుక్కుంటున్నారో అతనికీ తెలియదు మరి! రెండు రోజులు వీధులన్నీ తిరిగినా ఏమీ దొరకలేదు. మూడోనాటి పొద్దున రాజును ఒప్పించి దండోరా వేయించాడు.

“ఉప్పు గుట్టు మొదట చెప్పినవాడికి క్షమాభిక్ష! మిగతావాళ్ళ కొట్లకు తాళం!”

వర్తకులెవరూ ముందుకు రాలేదు.

కాసేపటికి తెరలు దించిన పల్లకీ ఒకటి ఏడు వీధులూ చుట్టి కోటవైపు సాగింది. గుట్టు చెప్పడానికి పోతున్నవాడు తమలో ఎవడా అని ప్రతి వర్తకుడూ వీధిలోకి తొంగిచూశాడు. పోయి తోటివాణ్ణి అడుగుదామంటే వెనకే వేగులవాడు. ఆగలేక ముసలయ్య అనే వర్తకుడు పంచె ఎగ్గట్టి కోటకు పరుగెత్తాడు.

“నన్నే మొదటివాడిగా లెక్క వేసుకోండి ప్రభూ! మా ఏడుగురిలో పెద్దవారైన నాగలింగం గారి ముంగిట ముగ్గుకు ఎన్ని రేకులుంటే కుంచానికి అన్ని రూకలు. పొద్దున్నే గుడికి పోతూ అందరం చూసుకుంటాం!”

అంతలోనే మిగతా ఆరుగురూ రొప్పుతూ వచ్చిపడ్డారు. రాజు మొహం కందగడ్డయింది. ఆ ముగ్గు బాగుందని మొన్ననే నాగలింగం కోడలికి పట్టుచీర పెట్టించాడాయన.

“ఇంతకీ పల్లకీలో వచ్చిందెవరు?” అంటూ తెర తొలగించాడు. లోపల ఓ బూడిదగుమ్మడికాయ ఉంది.

“మాట్లాడుకోరాదన్న మీ చట్టమే నా ఎత్తును కాపాడింది ప్రభూ,” అన్నాడు చిట్టెన్న. “లేకపోతే ఒకరినొకరు అడిగి నిమ్మళంగా కూర్చునేవారు.”

ముసలయ్య కొట్టు తప్ప అన్నిటికీ తాళాలు పడ్డాయి. ఆ కొట్లు కొత్తవాళ్ళకు దక్కాయి. సాయంత్రానికి ఉప్పు ధర ఎక్కడికక్కడ వేరై దిగివచ్చింది.

రాజుకు మళ్ళీ హుషారొచ్చింది. “భేష్! ఈ ఉపాయాన్ని శిలాశాసనం చెక్కిస్తాను. ఇక ఆచంద్రార్కం దిగుల్లేదు!”

“తాటాకు మీద చాలు ప్రభూ,” అన్నాడు చిట్టెన్న. “సత్రంలో మాటలు ఆపిస్తే ముగ్గులోకి దిగారు. ముగ్గు చెరిపితే వచ్చే ఏడు ఇంకోదారి చూస్తారు. రాయి మీద కొట్టివేతలు కష్టం.”

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, అంతలోనే పగలబడి నవ్వాడు. తన చేతి కడియం తీసి చిట్టెన్నకు తొడిగి, తాటాకులు తెమ్మన్నాడు.