పాత వల మింగిన నూకాలు

ఒకప్పుడు సాలీడు దారానికి చావు లేదు. వానకు నానేది కాదు, ఎండకు పెళుసెక్కేది కాదు, మట్టిలో పూడ్చినా చివికేది కాదు.

ఆ దారం కనిపెట్టింది నూకాలు అనే సాలీడు. పొట్టలోంచి వచ్చే పోగుకు తుమ్మజిగురు పట్టించేది. "ఏనుగు గుద్దినా తెగదు నా వల!" అని తంగేడు పొదంతా చాటుకునేది.

తెగదు సరే, దుమ్ము పడుతుంది కదా! దుమ్ము పట్టిన వలకు ఈగ అంటుకోదు. అందుకని నూకాలు రోజూ కొత్త వల కట్టేది. పాతదాన్ని అక్కడే వదిలేసి పక్క కొమ్మకు పోయేది. అది తర్వాత ఏమవుతుందో ఎన్నడూ అనుకోలేదు.

ఒక పొద్దున ఆమె గుడ్లసంచి పగిలింది. వందమంది పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు.

సాలీడు పిల్లలు పుట్టినచోటే ఉండిపోకూడదు. మూడు రోజుల్లో ఎగిరిపోవాలి. లేకపోతే ఆకలికి ఒకళ్లనొకళ్లు తినేస్తారు.

"గాలి మామా, వీళ్లను తలో దిక్కుకూ తీసుకుపో!" అంది నూకాలు.

పిల్లలు కొమ్మ చివరికెక్కి సన్నటి పోగులు వదిలారు. గాలి ఒక్క ఊపు ఊపాడు. మొదటి పిల్ల జానెడు దూరం ఎగిరి నిన్నటి వలకు అతుక్కుంది. రెండోది మొన్నటి వలకు. మూడోది కిందటేటి వలకు.

"ఎటు తీసుకుపోనమ్మా? పొద నిండా నీ వలలే. నాకే ఊపిరాడటం లేదు," అన్నాడు గాలి.

నూకాలు పిల్లల్ని ఊడదీసుకుంది. ఒక పాత వలను కొమ్మలనుంచి పెరికి, చీమ దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

"వదినా, దీన్ని దూరంగా పడేసి రావూ?"

"ఎంత దూరం?"

"నాకు కనపడనంత."

"అంటే మా పుట్ట ముందేగా! భలేదానివే. పో, పో!"

ఇంకోదాన్ని పెరికి వాగులో పడేసింది. మధ్యాహ్నానికి వాగు ఉరుముకుంటూ వచ్చింది. "ఎవరే ఇది? మా చేపపిల్లల మొప్పలకు చుట్టుకుంది!" అని ఒడ్డుకు విసిరికొట్టింది.

మూడో రోజు వచ్చేసింది. పిల్లలు కుదురుగా లేరు. కొమ్మెక్కుతున్నారు, దిగుతున్నారు, తోసుకుంటున్నారు. "ఎప్పుడెళ్తామమ్మా? ఇంకెప్పుడు?" ఇంతలో ఒకడు చెల్లెలి కాలు కొరికాడు.

"కొంచెమే కొరికా," అన్నాడు.

నూకాలు వాళ్లిద్దర్నీ విడదీసింది. ఏం చెయ్యాలో తోచక, ఎదురుగా ఉన్న వల మీద కసిగా ఉమ్మింది.

ఉమ్మి పడినచోట దారం మెత్తబడింది!

ఎండకూ వానకూ లొంగనిది ఆమె ఉమ్మికి లొంగింది. ఆ పొట్టలోంచి వచ్చిందేగా మరి. నూకాలు ఇక ఆగలేదు. ఉమ్మడం, మెత్తబడ్డదాన్ని మింగడం. తుమ్మజిగురు వగరుకు గొంతు పట్టేసింది. వాంతి వచ్చినంత పనైంది. అయినా మింగింది.

"అమ్మా, నీ పొట్ట పగిలిపోతుందేమో!"

"నోరుమూసుకుని వరసలో నిలబడండి. ఇంకెవరైనా కొరికారో, ముందు వాణ్ణే మింగుతా!"

పొద్దు వాలేలోపు పొదలో సన్నటి దారి తెరుచుకుంది. గాలి అందులోకి దూరి, "ఎక్కండి, ఎక్కండి!" అన్నాడు. పిల్లలు ఒకరి వెనక ఒకరు ఎగిరిపోయారు. వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు. కాలు కొరికించుకున్న పిల్ల ఆఖరున కుంటుకుంటూ వచ్చి, అదీ ఎగిరింది.

మర్నాడు నూకాలు తుమ్మజిగురు ముట్టుకోకుండా వల మొదలుపెట్టింది. దారం ఎన్నడూ లేనంత సులువుగా వచ్చింది. నిన్న మింగినదే పోగై తిరిగొస్తోంది!

ఆ వల ఏనుగుదాకా ఎందుకు, తుమ్మెద గుద్దితేనే తెగింది.

"ఇంతేనా నీ వల?" అని నవ్వింది చీమ.

"ఇంతే. నాకు కావలసింది ఒక్కరోజే," అంది నూకాలు.

అప్పటినుంచే, గుండ్రటి వల కట్టే సాలీడు పాత వలను మింగందే కొత్త వలకు మొదటి పోగు వెయ్యదు.