షట్టర్ దించుకున్న ఏసుపాదం

ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఏసుపాదం అని ఒకాయన ఉండేవాడు, పనిలో తోపే కానీ మనుషుల్ని అస్సలు నమ్మడు. ఆటోనగర్ సంగతి తెలుసుగా, అక్కడ పనంతా రోడ్డు మీదే, ఒకడి రెంచీ ఇంకొకడి చేతిలో ఉంటుంది. ఈయన మాత్రం షట్టర్ సగం దించి పని చేసేవాడు.

పక్క షాపు వెల్డింగ్ మస్తాన్‌ది. ఏసుపాదానికి ఉన్న ఒకే ఒక్క ఫ్రెండు. ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకునేవాళ్లు. మధ్యాహ్నం ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పేవాళ్లు.

ఒకసారి ట్రాక్టర్ తొట్టికి వెనక తలుపు తీస్తుంటే ఒక కూలీ వేళ్లు నలిగిపోయాయి. అది చూసి ఏసుపాదానికి ఐడియా వచ్చింది. తొట్టి పైకి లేవగానే గొళ్లెం దానంతటదే ఊడిపోవాలి, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. అదిరింది కదా. ఇంకేముంది, షట్టర్ మోకాళ్ల దాకా దించేసి మొదలుపెట్టాడు. కానీ లోడు ఒక పక్కకి ఒరిగితే గొళ్లెం ఇరుక్కుపోయేది. ఎంత తన్నుకున్నా అంతే.

ఒకరోజు మస్తాన్ షట్టర్ కింద నుంచి తల పెట్టాడు. "బావా, అన్నం చల్లారిపోతోంది. ఏంటది, తలుపా? ఏదీ, చూడనీ."

ఏసుపాదం దాని మీద గోనెసంచి కప్పేశాడు. "కాపీ కొడదామని వచ్చావా?"

మస్తాన్ నవ్వాడు. జోక్ అనుకున్నాడు పాపం. ఏసుపాదం నవ్వలేదు. మస్తాన్ నవ్వు కూడా ఆగిపోయింది. "సరే" అని తల వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ అన్నానికి పిలవలేదు.

ఇక ఏసుపాదం లోపల ఒక్కడే తినేవాడు. బయట మస్తాన్ వేరేవాళ్లతో నవ్వుతుంటే వినపడేది. షట్టర్ ఎత్తి ఒక్క మాట అంటే అయిపోయేది. ఎత్తలేదు.

ఎవడైనా కొట్టేస్తాడేమో, ముందే పేటెంటు తీసుకుందామని హైదరాబాద్ వెళ్లాడు. పేటెంట్ల పని చూసే లాయరు నళిని ఆయన గీసిన బొమ్మ చూసి, కంప్యూటర్లో ఏదో వెతికి, స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. అచ్చం అదే తలుపు, అదే గొళ్లెం.

"ఇది నాది. మీకు మస్తాన్ ఇచ్చాడా?" అన్నాడు ఏసుపాదం.

"మస్తాన్ ఎవరండీ? ఇది జర్మనీలో ఒకాయనది. మీరు పుట్టకముందే పేటెంటు తీసుకున్నాడు. దాని గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది."

"అంటే నాకు రాదా?"

"పేటెంటు రాదు. కానీ చేసి అమ్ముకోండి, ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు. బళ్ల సామాన్ల మీద ఇలాంటివి బోలెడున్నాయి, ఊరికే చూడొచ్చు. ఇదిగో, లోడు ఒరిగినా ఇరుక్కోకుండా ఇక్కడ చిన్న రోలర్ పెట్టాడు."

రోలర్. ఏసుపాదం తల పట్టుకున్నదంతా దానికే.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. లోకమంతా చూడగలిగే బొమ్మని ఆయన దాచింది ఒక్క మనిషి నుంచే.

రాగానే షట్టర్ పైదాకా ఎత్తాడు. నళిని తీసిచ్చిన ఆ బొమ్మ ప్రింటు పట్టుకుని పక్క షాపుకెళ్లాడు. "బావా, ఇది కలిసి చేద్దాం. సగం నీది. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

మస్తాన్ కాగితం చూశాడు. "వెల్డింగేగా, చేసిస్తాను సార్. సామాను అక్కడ పెట్టి వెళ్లండి."

సార్ అంట.

తలుపులు బాగా అమ్ముడుపోయాయి. ఏసుపాదం గడువు తీరిన పేటెంట్లు ఇంకా వెతికి, ఇంకో రెండు సామాన్లు కూడా చేశాడు. షట్టర్ ఎప్పుడూ ఎత్తే ఉండేది. మధ్యాహ్నం బల్ల మీద క్యారియర్ విప్పి, పక్క షాపు వైపు చూస్తూ కాసేపు ఆగేవాడు. తర్వాత తినేసేవాడు.

నీతి ఏంటంటే, నేనే కనిపెట్టానని దాచేముందు పాతవాళ్లు అందరికీ వదిలేసింది వెతుక్కోవాలి, పక్కవాణ్ణి దొంగ అనేముందు నోరు ఆపుకోవాలి. గడువు తీరిన పేటెంటు ఎవరికైనా దొరుకుతుంది, అనుమానంతో పోగొట్టుకున్న స్నేహం అడిగినా దొరకదు.