సీసాలో నల్ల పురుగు

అనగనగా బొబ్బర చేలున్న ఒక ఊళ్ళో అచ్చియమ్మ అని ఒకావిడ ఉండేది. ఊ కొట్టు మరి!

ఆవిడ పుట్టింటి నుంచి గుప్పెడు బొబ్బర గింజలు తెచ్చుకుంది. వాళ్ళమ్మ పెంచిన విత్తనం. అమ్మ పోయాక ఆవిడ గుర్తుగా అదొక్కటే మిగిలింది. ఆ ఏడు అంతా విత్తేసింది, ఒక్క గింజ కూడా దాచుకోలేదు పిచ్చితల్లి.

పూతకొచ్చేసరికి పేనుబంక పట్టింది. నువ్వుగింజంత నల్ల పురుగులు చివుళ్ళకి అతుక్కుని రసం పీల్చేస్తుంటే, ఆకులు ముడుచుకుపోయాయి. విత్తనమే పోతుందేమోనని ఆవిడకి ఏడుపొచ్చింది.

అప్పుడు చీమలొచ్చాయి. పోన్లే, ఇవి పేనుబంకని తినేస్తాయనుకుంది. ఎక్కడ తిన్నాయి! అది కార్చే తియ్యటి బంక నాకుతూ దానికే కాపలా కాశాయి, దొంగమొహాలు.

ఆ తర్వాత ఎర్ర వీపు మీద నల్ల చుక్కలతో అక్షింతల పురుగు వాలింది. పేరులోనే అక్షింతలున్నాయి కదా, అచ్చియమ్మ దణ్ణం పెట్టుకుంది.

ఆ తర్వాత మూడోది. నల్లగా, పొడుగ్గా, ఒళ్ళంతా ముళ్ళతో బుల్లి మొసలిలా ఉంది. "ఛీ, నా చేను పాడుచేసేది నువ్వేనా!" అని కనబడ్డవన్నీ ఏరి బూడిద నీళ్ళలో ముంచేసింది. అయినా పేనుబంక తగ్గదే! ఇంకా పెరిగింది.

మొగుడు సూరయ్య విసుగెత్తి పురుగుల మందు తెచ్చాడు.

"కాస్త ఆగవయ్యా, అసలు ఇదేం తింటుందో చూద్దాం" అని అచ్చియమ్మ ఒక నల్ల పురుగుని సీసాలో వేసి, పేనుబంక పట్టిన చివురు పెట్టి, మూతికి గుడ్డ కట్టింది.

అది ఆకు ముట్టలేదు. పేనుబంకని నమిలేసింది! రోజూ అంతే. ఓ పొద్దున సీసాకి అంటుకుని కదలడం మానేసింది. చచ్చిందనుకున్నారు. ఆ తర్వాత దాని వీపు పగిలింది. లోంచి ఎవరొచ్చారో చెప్పు? ముందు పసుపుపచ్చగా, కాసేపటికి ఎర్రగా, చుక్కలతో అక్షింతల పురుగు!

"అయ్యో, తల్లికి దణ్ణం పెట్టి పిల్లల్ని ముంచేశానే!" అని అచ్చియమ్మ గొల్లుమంది.

సూరయ్య మందు డబ్బా అటకెక్కించాడు. మిగిలిన నల్ల పురుగులు పేనుబంక పని పట్టాయి. సగం చేనే దక్కింది కానీ, విత్తనం నిలిచింది. నిన్న నువ్వు తిన్న గారెలు ఆ బొబ్బర్లవే. అచ్చియమ్మ మా అమ్మేగా!

పొద్దున నువ్వు చెప్పుతో కొట్టబోయిన నల్ల పురుగు ఉందే, రేపు దాన్ని సీసాలో వేసి చూద్దాం.

కథేమో కంచికి, చీమేమో పుట్టకి,
అక్షింతల పురుగు ఆకు కిందకి,
నా బుజ్జిముండ దుప్పటి కిందకి!