తురాయి మెడలో గంట

అనగనగా, మబ్బులు కూడా ఆయాసపడి ఆగే మంచుకొండల్లో ఒక జంతువుల బిడారు. ఏటా ఎండాకాలం రాగానే అది కనుమ దాటి అవతలి పచ్చికకు పోయేది. దానికి ఒకటే కట్టుబాటు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి మెడలో గంట కట్టాలి. ఆ గంటను దాటి ఎవరూ ముందుకు పోకూడదు.

ఆ ఏడు తెల్లక్క అనే ముసలి గొర్రెకు గంట కట్టారు. తురాయి అనే గుర్రానికి అది కంటగింపుగా ఉంది.

"ఈ నత్తనడకకు గంటొకటా? నా మెడలో ఉంటేనే దానికి అందం!" అని లాక్కుని తనే వేసుకుంది. కంచరగాడిద చుక్కికి ఒళ్ళు మండింది. అయినా గొడవెందుకులే అని ఊరుకుంది.

తురాయి వేగంగా ఎక్కసాగింది. గంట వెనకే అందరూ రొప్పుతూ నడిచారు.

మొదటి మలుపులో తెల్లక్క, "తల పగిలిపోతోంది, కాస్త ఆగుదాం" అంది.

"సాకులు!" అంది తురాయి.

రెండో మలుపులో తెల్లక్క తిన్న మేతంతా కక్కేసింది.

"అబ్బో, మళ్ళీ సాకులు!" అంది తురాయి.

మూడో మలుపులో తెల్లక్క మంచులో కూలబడింది. ఊపిరి అందడం లేదు. ఎప్పుడో చనిపోయిన తన పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది.

"దాన్ని వదిలేసి రండి!" అంది తురాయి.

చుక్కికి ఇక కోపం ఆగలేదు. "నోర్ముయ్! గంటంటే నగ అనుకున్నావా? పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. దీన్ని కిందికి దింపకపోతే చస్తుంది. సిగ్గులేదూ నీకు?" అని అరిచింది.

తెల్లక్కను వీపున వేసుకుని చుక్కి వెనక్కి తిరిగింది. బిడారంతా దాని వెంట దిగింది. తురాయి మాత్రం ఒంటరిగా పైకి పోయింది.

కింది లోయకు చేరాక తెల్లక్క కళ్ళు తెరిచి, మెల్లగా గడ్డి కొరికింది. మర్నాడు పైనుంచి గంట వినిపించింది. మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. తురాయి తూలుతూ దిగివచ్చింది.

"చుక్కమ్మా, తల పగిలిపోతోంది. కాళ్ళు ఆడటం లేదు" అంది.

"ఇదీ సాకేనా?" అంది చుక్కి.

తురాయి తల దించుకుంది. తెల్లక్కకు తిరిగి ఇచ్చేద్దామని గంట తీయబోయింది.

"ఉంచుకో," అంది చుక్కి కోపం తగ్గకుండానే. "ఇవాళ అందరికన్నా నెమ్మది నువ్వే."

తురాయి కాస్త కోలుకున్నాక బిడారు మళ్ళీ బయలుదేరింది. ఇంకా నీరసంగానే ఉన్న తురాయి అడుగులో అడుగు వేసుకుంటూ ముందు నడిచింది. గంటను ఎవరూ దాటలేదు, తెల్లక్క కూడా.

నీతి: కలిసి కొండ ఎక్కేటప్పుడు, అందరికన్నా నెమ్మదైనవారి నడకే అందరి నడక కావాలి.