నున్నగా అలికిన బొరియ

అనగనగా రెండు రాతికొండలు. ఆ కొండల నడుమ ఒక లోయ. లోయ అంటే ఏదో గుంట అనుకునేరు. కాదు. సరిగ్గా వినండి. సగం విని సగం ఊహించుకునే వాళ్ళకి నేను కథ చెప్పను.

ఆ కొండలది గులాబిరంగు రాయి. ఎండకి పగిలేది, వానకి రాలేది. రాలిన రాతిపలుకుల్ని వాగు మోసుకొచ్చి లోయలో పరిచేది. అలా ఎన్నేళ్ళు పరిచిందో లెక్క తెలిసినవాడు లేడు. పైన జానెడు మందాన ఆకులు కుళ్ళిన నల్లమన్ను. దాని కింద గోధుమరంగు ఇసకమన్ను. ఇంకా లోపలికి పోతే గరుకు పలుకులు, గుండ్రాళ్ళు. మధ్యమధ్య కాకిబంగారం తళుక్కుమనేది. ఆ నేల మీద ఎంత వాన పడ్డా నీళ్ళు నిలిచేవి కావు. పడ్డ నీరు పడ్డట్టే కిందికి ఇంకిపోయేది.

ఆ నేలలో ఒక ఏదుపంది బొరియ తవ్వుకుని ఉండేది. పేరు సూదులమ్మ. దాని మగడిని ఆ ఎండాకాలం మొదట్లోనే చిరుతపులి తీసుకుపోయింది. మిగిలింది ఇద్దరు పసిపిల్లలు. కొడుకు బుడగడు, కూతురు చిట్టెమ్మ. ఇంకా వాళ్ళ ముళ్ళు గట్టిపడలేదు, గడ్డిపోచల్లా ఉండేవి. సూదులమ్మకి నిద్ర పట్టేది కాదు. బయట ఆకు కదిలినా లేచేది. వంగి పిల్లల ఊపిరి వినేది. వినపడితేనే మళ్ళీ పడుకునేది.

ఒకనాడు పల్లపు పొలాల నుంచి ఒక పందికొక్కు చుట్టపుచూపుగా వచ్చింది. దాని పేరు నాకు తెలుసు. చెప్పను. అది చేసిన పనికి పేరు చెప్పించుకునే మర్యాద దానికి లేదు.

పందికొక్కు బొరియలోకి తొంగిచూసి మూతి ముడిచింది. "ఇదేం కాపురం వదినా! గోడకి తోక తగిలితే పలుకులు రాలుతున్నాయి. రేపు పిల్లల కళ్ళలో పడితే ఏం చేస్తావు?" అంది.

సూదులమ్మ గబుక్కున పిల్లల వైపు చూసింది. "కళ్ళలోనా?" అంది.

"కాక ఇంకెక్కడ? మా పల్లంలో బొరియలు చూడాలి నువ్వు. నల్ల బంకమన్ను. గోడలు ఎంత నున్నగా ఉంటాయనుకున్నావు! ఈగ వాలితే జారి పడుతుంది. నువ్వు కూడా మా పల్లం మడుగులోంచి బంకమన్ను తెచ్చి అలుక్కో. చూసినవాళ్ళు ఇల్లంటే ఇదీ అనాలి."

పక్క పొదలో పొలుసు తాత చీమల పుట్ట తవ్వుతున్నాడు. పొలుసు తాత అంటే అలుగు. ఒళ్ళంతా పొలుసులు, ముందుకాళ్ళకి కొడవళ్ళ లాంటి గోళ్ళు. ఆ లోయలో ఆయన తవ్వని చోటు లేదు. ఆయన తల ఎత్తి, "ఏమమ్మా, వానాకాలంలో నువ్వెక్కడుంటావు?" అని పందికొక్కుని అడిగాడు.

పందికొక్కు తడబడింది. "అప్పుడా? అప్పుడు పొలం గట్టు మీదికి పోతాం. ఊరికే, గాలి మార్పుకి."

"విన్నావా అమ్మాయ్?" అన్నాడు తాత సూదులమ్మతో. "బంకమన్ను నీళ్ళని లోపలికి పోనివ్వదు. అందుకే వాళ్ళు గట్టెక్కుతారు. మన నేల జల్లెడ. దాని బొక్కలు పూడ్చకు."

పందికొక్కు కిసుక్కున నవ్వింది. "చీమలు నాకే తాతకి ఇళ్ళ సంగతులేం తెలుసు వదినా!"

చుట్టం నవ్వేసరికి సూదులమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషం తాత మీద చూపించింది. "నా పిల్లల కళ్ళు నాకు ముఖ్యం తాతా. నా ఇంటి సంగతి నేను చూసుకుంటాను. నీ పుట్ట నువ్వు చూసుకో."

"సరే. నువ్వు పిలిచేదాకా నీ గుమ్మం తొక్కను," అన్నాడు తాత. అని, తొక్కలేదు. మాటంటే అలా ఉండాలి.

సూదులమ్మ పదకొండు రోజులు మడుగుకీ బొరియకీ తిరిగింది. నోటినిండా బంకమన్ను తెచ్చేది, పాదాలతో మెత్తేది, పొట్టతో పామేది. నేల అలికింది. గోడలు అలికింది. బొరియ మూతి నుంచి లోపలి గది దాకా వాలుగా దిగే దారి కూడా అలికింది. ఆరాక అద్దంలా మెరిసింది. పిల్లలు ఆ దారిలో జర్రున జారి ఆడుకున్నారు. కుందేళ్ళు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నాయి. సూదులమ్మ వాటి చేత కాళ్ళు తుడిపించి గాని లోపలికి రానివ్వలేదు.

అప్పుడు మొదటి వాన పడింది. ఉత్త చినుకులే. ఆ చినుకుల నీరు దారి వెంట జారి గది నడుమ చేరింది. దోసెడు నీళ్ళు. ఇంకలేదు. అలాగే నిలబడి సూదులమ్మ మొహం సూదులమ్మకే చూపించాయి. ఎండుటాకులతో అద్దింది. "కొత్త ఇల్లు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది," అనుకుంది. కానీ ఆ రోజు పిల్లల ఊపిరి మామూలుకన్నా ఎక్కువసార్లు విన్నది.

రెండో వాన గట్టిగా పడింది. నీళ్ళు పిల్లల పాదాలు తడిపాయి. "అమ్మా, చలి," అన్నాడు బుడగడు. సూదులమ్మ బొరియ మూతికి మట్టితో చిన్న గట్టు కట్టింది. పొలుసు తాత అటుగా పోతూ ఆగాడు. పిలుస్తుందేమోనని చూశాడు. సూదులమ్మ ముళ్ళు విప్పి వీపు తిప్పుకుంది. తాత వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పు పట్టకండి. నేనైనా అంతే చేస్తాను.

పల్లం నుంచి గట్టెక్కడానికి పోతున్న పందికొక్కు మాత్రం దారిలో ఆగింది. "పూత పల్చనైనట్టుంది వదినా. ఇంకో పూత వెయ్యి," అని చెప్పి పరుగెత్తింది.

సూదులమ్మ ఇంకో పూత వేసింది.

మూడో వాన మిట్టమధ్యాహ్నం వచ్చింది. కొండల మీద మబ్బు కూర్చుంది. పగలే చీకటైంది. ముందు చినుకు, వెంటనే ధార. కొండవాలు నుంచి దిగిన నీరు మూతి దగ్గర గట్టుని ఒక్క తోపు తోసి లోపలికి దూకింది.

సూదులమ్మ నోటితో నీళ్ళు పట్టి బయట ఉమ్మింది. ఎన్ని ఉమ్మితే అంతకు రెండింతలు లోపలికి వస్తున్నాయి. పాదాలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. పిల్లల్ని గది మూల ఎత్తుగా ఉన్నచోట నిలబెట్టింది. అక్కడా వాళ్ళ మెడదాకా వచ్చాయి. ఒకడిని నోట కరుచుకుని బయటికి పోదామంటే రెండోది మునుగుతుంది. ఇద్దర్నీ వీపు మీద ఎక్కించుకుందామంటే వీపునిండా ముళ్ళు.

చిట్టెమ్మ ముక్కు ఒక్కటే పైకి కనబడుతోంది.

సూదులమ్మ మూతి వైపు తిరిగి అరిచింది. "తాతా! పొలుసు తాతా!"

వాన హోరు. కేక అందులో కలిసిపోయింది. మళ్ళీ అరిచింది. గొంతు పగిలేలా మూడోసారి అరిచింది.

మూతి దగ్గర పొలుసులు గలగలలాడాయి. "పిలిచావా?" అన్నాడు తాత.

"పిలిచాను తాతా. పిల్లలు మునుగుతున్నారు."

"గది నడుమ నేల పగలగొట్టు."

"నువ్వు తవ్వు తాతా, నీ గోళ్ళు పెద్దవి!"

"బయట నుంచి తవ్వుకొస్తే కప్పు పిల్లల మీద కూలుతుంది. లోపల్నుంచి నువ్వే పగలగొట్టాలి. నేను ఇక్కడ నీళ్ళకి దారి మళ్ళిస్తాను. కానివ్వు!"

"పదకొండు రోజులు అలికాను తాతా..." అని ఏడ్చింది సూదులమ్మ. ఏడుస్తూనే చిట్టెమ్మ వైపు చూసింది. ఆ ముక్కు కూడా ఇప్పుడు కనబడలేదు.

ఊపిరి బిగబట్టి తల నీళ్ళలో ముంచింది. గోళ్ళు దించింది. నునుపు కదా, జారిపోయాయి. మళ్ళీ దించింది. పై పూత లేచింది, కింద పూత లేవలేదు. మూడోసారి నాలుగు కాళ్ళూ తన్నిపట్టి, పళ్ళతో గోళ్ళతో ఒక్క పీకు పీకింది. బంకమన్ను పెళ్ళగా ఊడింది. దాని కింద గరుకు పలుకులు తగిలాయి. వాటి మధ్య నుంచి బుడబుడమని గాలి పైకి లేచింది.

నీళ్ళు గిర్రున తిరిగాయి. ఒక అంగుళం దిగాయి. ఆగాయా? లేదు, ఇంకో అంగుళం. సూదులమ్మ పెళ్ళలు పెళ్ళలుగా పీకుతూనే ఉంది. పైన తాత తవ్విన కాలవలోకి వరద మళ్ళింది. లోపలి నీళ్ళని ఆ పలుకులు, ఆ గుండ్రాళ్ళు తాగుతూ పోయాయి.

బుడగడు దగ్గుతూ నీళ్ళలోంచి బయటపడ్డాడు. చిట్టెమ్మ కదలలేదు. సూదులమ్మ దాన్ని పలుకుల మీద పడుకోబెట్టి నాకింది. పొట్ట నొక్కింది. చెవి ఆనించి విన్నది. ఏమీ వినపడలేదు. మళ్ళీ నాకింది. బుడగడు భయంతో చెల్లి తోక పట్టుకుని లాగాడు. అప్పుడు చిట్టెమ్మ గుక్కెడు నీళ్ళు కక్కి తుమ్మింది. తుమ్మి, అన్నని తిట్టింది.

బయట నుంచి తాత అడిగాడు. "ఇద్దరూనా?"

"ఇద్దరూ తాతా."

"సరే," అన్నాడు. వానలోకి నడిచి పోయాడు.

వాన ఇంకా రెండు రోజులు పడింది. ఆ రెండు రోజులూ సూదులమ్మ గోడలు గీకుతూనే ఉంది. ఒక్క పెళ్ళ మిగలనివ్వలేదు. ఎప్పుడైనా కాస్త నీరు లోపలికి జారితే, పని ఆపి నేలకి చెవి ఆనించేది. నీరు పలుకుల్లోంచి కిందికి, ఇంకా కిందికి దిగే చప్పుడు పూర్తిగా వినేది. అది విన్నాకే తన ఊపిరి తను తీసుకునేది.

నీతి: మనల్ని కాపాడుతున్నదాని గుణం ముందు తెలుసుకోవాలి. చూసేవాళ్ళు మెచ్చాలని దాన్ని మార్చితే, ఆ ముప్పు మన పిల్లల మీదికి వస్తుంది.