అడగనమ్మ వెలసిన తేనెబండ

గుమ్మడివాక ఏరు దాటి రెండు మైళ్ళు పైకి ఎక్కితే తేనెబండ కనిపిస్తుంది. నిటారుగా లేచిన ఎర్రని కొండచరియ నడుమ, మైనపు పొరలు పట్టి నల్లబడిన నిలువెత్తు శిల ఉంటుంది. ఆ శిలయే అడగనమ్మవారు. ముఖం లేదు, చేతులు లేవు. గుడిగంట కన్నా ముందు తేనెటీగల ఝుంకారమే భక్తుల చెవిన పడుతుంది. అమ్మవారికి ఈ పేరెలా వచ్చిందని తొలిసారి వచ్చినవారు తప్పక అడుగుతారు.

పూర్వం ఇక్కడ పన్నెండు గుడిసెల గూడెం ఉండేది. అందరికన్నా పెద్దది ఈదమ్మ. తుట్టెలో తేనె ఉన్న భాగాన్నే కోయాలి, ఈగల పిల్లలున్న భాగాన్ని ముట్టకూడదు అన్నది ఆమె పెట్టిన కట్టుబాటు. వచ్చిన తేనెను ఇంటింటికీ పంచి, వాకకు ఆవలి పల్లెలకూ ఇచ్చేవారు. కొర్రలు పండినప్పుడు ఆ పల్లెలవారు గంపలతో మోసుకొచ్చేవారు. ఎవరిదెంతని ఎవరూ కొలవలేదు.

ఒక ఏడు దిగువ నుంచి వర్తకుడొకడు వచ్చి, కుండెడు తేనెకు ఒక కోక ఇస్తానన్నాడు. ఈదమ్మ అల్లుడు బయ్యన్న తాడు కట్టుకుని చరియలోకి దిగి, తుట్టెలను మొదలంటా కోసుకొచ్చాడు.

"పిల్లల భాగం కూడా తెచ్చావేమయ్యా?" అంది ఈదమ్మ.

"వదిలితే ఎలుగుబంటి తింటుంది గదత్తా!"

"తిననీ. అదేమన్నా కోక కట్టుకుంటానందా?"

ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. నెల తిరక్కుండానే నవ్విన వాళ్ళందరి ఒంటి మీదా కొత్త కోకలే.

మరుసటి ఏడు ఈగలు రాలేదు. మామిడి, నేరేడు, ఉసిరి విరగబూశాయి గాని పూత పూతగానే రాలిపోయింది. ఆకలికి తాళలేక గూడెమంతా కొండ దిగిపోవాలని నిశ్చయించుకుంది. అప్పటికే ఈదమ్మకు పేర్లు గుర్తుండడం లేదు. ఏ ఆకు ఏ జ్వరానికో, ఏ చరియలో ఏ ఊట ఉందో చెట్టూ పుట్టా కళ్ళెదుట ఉంటేనే తోచేది. కొండ దిగితే తనలో ఇక ఏమీ మిగలదని ఆమె భయం.

బయలుదేరే రోజు మధ్యాహ్నం బండ నీడలో ఆమెకు కునుకు పట్టింది. తేనెరంగు కన్నులున్న స్త్రీమూర్తి కలలో కనిపించి, "మీ ఇంట ఉన్న ఆఖరి తేనెను నా బండ మీద ధారపొయ్యి. వెనుదిరిగి చూడకుండా వెళ్ళు. వెళ్ళే ముందు నన్ను ఇది అడుగు" అంటూ చెవిలో ఒక కోరిక చెప్పింది.

మెలకువ వచ్చేసరికి ఆ కోరిక ఏమిటో పోయింది. ఎంత తడుముకున్నా దొరకలేదు. ఈదమ్మ కూలబడి, అల్లుడికి కల సంగతి చెప్పుకుని ఏడ్చింది.

"అడగవలసిందే మరిచాక ధారపొయ్యడమెందుకత్తా? ఆ ముంతెడు తేనే దారిలో పిల్లలకు ఆధారం" అన్నాడు బయ్యన్న.

"అడగడం మరిచాను గాని అయ్యా, ఇవ్వడం మరవలేదుగా."

బయ్యన్న తల వంచుకుని ముంత తానే అందించాడు.

"తల్లీ, ఏమడగమన్నావో నాకు గుర్తు లేదు. ఇది నీ సొమ్మే, పుచ్చుకో" అని ఈదమ్మ తేనె ధారపోసి వెనుదిరిగింది. పది అడుగులు వేసిందో లేదో, మబ్బు లేని ఆకాశం నుంచి వాన హోరు వినిపించింది. ఎండ మసకబారింది. ఆమె వెనక్కి చూడలేదు. ఎదురుగా నిలుచున్న గూడెం జనం ముఖాలలోనే అంతా చూసింది. నోళ్ళు తెరుచుకున్నాయి, నెత్తి మీది మూటలు జారిపడ్డాయి, ఒక్కొక్కరే నేలకు సాగిలపడ్డారు. బండ మీద లక్షలాది తేనెటీగలు వాలి, నిలువెత్తు స్త్రీమూర్తిగా నిలిచాయి!

ఆ రోజు ఎవరూ కొండ దిగలేదు. రాలగా మిగిలిన పూత కాయ కట్టింది. ఏమీ అడగకుండానే కరుణించింది గనుక అమ్మవారిని అడగనమ్మ అన్నారు.

నేటికీ ఈ సన్నిధిలో మొక్కులు లేవు, ముడుపులు లేవు. భక్తులు గుప్పెడు గింజలో, తాము అల్లిన బుట్టో అమ్మ ముందు ఉంచి వెనక్కి చూడకుండా దిగుతారు. తరువాత వచ్చినవారు అవసరమైతే అందులోంచి తీసుకుంటారు. ఈదమ్మ ఆపైన చాలా ఏళ్ళు బతికిందంటారు. చివరకు కన్నకూతురి పేరు కూడా మరిచిపోయిందట. అయినా ఎవరు ఏ పండు చేతిలో పెట్టినా, సగం చీల్చి పక్కవారికి ఇచ్చేదట. ఈ కొండకు వచ్చిన ప్రతివారి చేతికీ అమ్మ ఆ గుణాన్ని ప్రసాదించుగాక.